పాత సంఘం భయం వదలట్లేదు, కొత్త సంఘాన్ని ఎలా నమ్మాలి?

గాజువాక నుంచి ఒక సిస్టర్ రాశారు: "పదకొండేళ్ళు ఒకే సంఘంలో ఉన్నాం. మా ఆయన జీతం ఎంతో పాస్టర్ గారికి తెలియాలి, దశమ భాగం తగ్గితే ఇంటికి కబురొస్తుంది. ఇల్లు మారాలన్నా ఆయన్ని అడగాల్సిందే. పాపని ఏ కాలేజీలో వేయాలన్న విషయంలో మొదటిసారి ఆయన మాట కాదన్నాం. ఆ ఆదివారమే స్టేజి మీద నుంచి మాది తిరుగుబాటు ఆత్మ అన్నారు, మాతో ఎవరూ మాట్లాడొద్దన్నారు. బయటికొచ్చి ఎనిమిది నెలలైంది. దశమ భాగం బాకీ ఉందని ఇంకా మెసేజ్‌లు వస్తున్నాయి. ఈయన ఇక ఏ చర్చికీ రానంటున్నారు. నాకు సంఘం కావాలి, కానీ గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాను. దైవసేవకుణ్ణి ఎదిరించినందుకు మాకేమైనా జరుగుతుందా?"

సిస్టర్, వందనాలు. మీ ఆఖరి ప్రశ్నే ముందు తీసుకుంటాను, ఎందుకంటే ఆ భయం మనసులో ఉన్నంతకాలం మీరు ఏ చర్చి గేటూ దాటలేరు. అభిషేకించినవారిని ముట్టకూడదన్న వాక్యం మీకు ఎన్నిసార్లు వినిపించి ఉంటారో నేను ఊహించగలను. అది 105వ కీర్తన 15వ వచనం. ఈ రాత్రి 12వ వచనం నుంచి చదవండి. పట్టుమని పదిమంది లేని కుటుంబం, సొంత నేల లేదు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నారు, వాళ్ళ జోలికి వెళ్ళొద్దని దేవుడు రాజుల్ని గద్దించాడు. అంటే బలం లేనివాళ్ళని బలమున్నవాళ్ళ నుంచి కాపాడిన మాట అది. మీ విషయంలో మైకు ఎవరి చేతిలో ఉంది, ఒంటరైంది ఎవరు? అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖం మీదే అడిగాడని గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. పౌలుది తిరుగుబాటు ఆత్మ అని ఎవరూ అనలేదు కదా.

మీకేమీ జరగదమ్మా. రేపు పాపకి జ్వరం వస్తే అది జ్వరమే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

బాకీ అంటారా, దేవుడికి ఇచ్చేదానికి బాకీల పద్దు ఉండదు. బలవంతంగా కాకుండా ఎవరి మనసులో అనుకున్నది వాళ్ళు ఇవ్వాలని రెండో కొరింథీ 9:7 చెప్తుంది. ఆ మెసేజ్‌లకి జవాబు ఇవ్వొద్దు, డిలీట్ కూడా చేయొద్దు. బెదిరింపుల దాకా వస్తే అవే పోలీసులకి చూపించవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

నేనూ ఇలాంటి చోట నాలుగేళ్ళు ఉన్నాను. మా అమ్మ ఆసుపత్రిలో ఉండి ఉపవాస ప్రార్థనకి వెళ్ళలేకపోతే, ఆ వారం నన్ను అందరి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. వదిలేశాక కూడా రెండేళ్ళ పాటు ఆదివారం పొద్దున్న తెల్లచీర తీస్తుంటే కడుపులో తిప్పేది. కాబట్టి మీరు గేటు నుంచి వెనక్కి రావడం విశ్వాసం లేక కాదు, ఒకసారి చెయ్యి కాలింది, అంతే.

ఇక కొత్త సంఘం. మన విశాఖలో వాటికి కొదవ లేదు. 1805లో లండన్ మిషనరీలు వచ్చి సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టిన ఊరిది. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి నుంచి మేడ మీద రేకుల షెడ్డులో నడిచే సంఘం దాకా అన్నీ ఉన్నాయి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పాత సంఘాల్లో పాస్టర్లకి బదిలీలు ఉంటాయి, ఎన్నుకున్న కమిటీ ఉంటుంది, కాబట్టి చర్చి ఒక్కరి సొంతం అయిపోవడం కష్టం. అలాగని అక్కడ అంతా బాగుంటుందని కాదు, కమిటీ ఎన్నికల గొడవలు మీరూ వినే ఉంటారు. రేకుల షెడ్డులో నిజమైన కాపరి ఉండొచ్చు. కానీ స్థలం ఆయన పేరు మీద, లెక్కలు భార్య దగ్గర, తర్వాతి పాస్టరు కొడుకే అయితే, మీకు కష్టం వచ్చినప్పుడు చెప్పుకోవడానికి మనిషి ఉండడు. అందుకే సూటిగా అడగండి: పాస్టర్ గారు తప్పు చేస్తే అడిగేవాళ్ళు ఎవరు? "ఆయన దేవుడికే లెక్క చెప్తారు" అన్నారంటే ఆ చర్చి మీకు వద్దు.

డబ్బు లెక్కలూ చూడండి. కానుకల సొమ్ము మోసేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలు అంతటివాడే వేరేవాళ్ళని తోడు పెట్టుకున్నాడు, రెండో కొరింథీ 8లో ఉంది. నేనిప్పుడు వెళ్ళే చోట చెప్పుల స్టాండు పైన గోడకి ప్రతి నెలా ఒక కాగితం అంటిస్తారు, కానుకలు ఇంత, కరెంటు బిల్లు ఇంత, పాస్టర్ గారి జీతం ఇంత, స్పీకరు రిపేరుకి ఇంత అని. ఒక నెల కాగితంలో మొత్తం అంకె తప్పు పడింది. ఇంటర్ చదివే కుర్రాడొకడు పెన్నుతో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి వెళ్ళాడు. తర్వాతి ఆదివారం సరిచేసిన కాగితం అంటించారు, పాస్టర్ గారు ఆ అబ్బాయిని పిలిచి థాంక్స్ చెప్పారు. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది, అక్కడ 'కాదు' అన్న మాటకి ఏమవుతుందన్నది. మొదటి రెండు వారాలు ఎక్కడైనా ప్రేమగానే ఉంటారు, పాత సంఘంలోనూ మిమ్మల్ని అలాగే చేర్చుకుని ఉంటారు, కాబట్టి ఆ ఆప్యాయత చూసి ఏదీ తేల్చుకోవద్దు. బుధవారం గృహ కూడికకి పిలిస్తే "రాలేనండి" అని ఊరుకోండి, కారణం చెప్పొద్దు. "సరేనమ్మా" అంటారా, లేక సాయంత్రానికి ముగ్గురు ఫోన్ చేస్తారా? ఆ సంఘం వదిలి వెళ్ళినవాళ్ళ గురించి ఎలా మాట్లాడతారో కూడా వినండి. వెళ్ళినవాళ్ళందరూ చెడిపోయారని చెప్పే చోట, రేపు మీ గురించి చెప్పేదీ అదే. మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే అనే పెద్ద ఇలాంటివాడే, తనే ముందుండాలి, నచ్చనివాళ్ళని సంఘంలోంచి వెలివేసేవాడు. పేరు పెట్టి మరీ రాశాడు యోహాను.

నాలుగు నెలల పాటు వెనక బెంచీలో కూర్చుని వచ్చేయండి. సభ్యత్వం వద్దు. పాప బాగా పాడుతుందని వెంటనే క్వయర్‌లోకి లాగినా ఒప్పుకోవద్దు. ఇంటి సంగతులు ప్రార్థన అంశాలుగా అప్పుడే చెప్పకండి, అవి ప్రసంగంలో ఉదాహరణలై తిరిగొస్తే ఎంత నొప్పో మీకు తెలుసు.

మీ ఆయన్ని మాత్రం బలవంతపెట్టొద్దు. పదకొండేళ్ళు జీతం స్లిప్పు చూపించుకున్న మనిషి, ఆయన అవమానం వేరు. రాను అన్న ఆయన మాటకి మీ ఇంట్లో అయినా గౌరవం దక్కాలి. మీరు వెళ్ళొచ్చి, అక్కడ జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి, రమ్మని మాత్రం అడగకండి. పాప కూడా ఇంట్లో ఉంటానంటే ఉండనివ్వండి.

వచ్చే ఆదివారం గేటు దాటి ప్రసంగం మధ్యలో లేచి వచ్చేసినా పర్వాలేదు. ఎక్కడికి వెళ్ళారో, మీ ప్రశ్నకి వాళ్ళు ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి.