నల్ల పెచ్చు కోసం వెతికారా? టైఫస్ జ్వరాలపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా నాన్నగారికి తొమ్మిది రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి. మలేరియా, డెంగీ పరీక్షల్లో ఏమీ తేలలేదు. టైఫాయిడ్ అనుకుని ఐదు రోజులు సెఫిక్సిమ్ వాడినా తగ్గలేదు. ఇప్పుడేమో డాక్టరుగారు స్క్రబ్ టైఫస్ అనుమానం అంటున్నారు. రెండూ ఒకటి కాదా?

జవాబు: కాదు. పేర్లు మాత్రమే దగ్గర. మబ్బు కమ్మినట్టు రోగికి మగత కమ్ముతుందని, పొగ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి రెండు పేర్లూ పుట్టాయి. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే సాల్మొనెల్లా జబ్బు. స్క్రబ్ టైఫస్ ఒరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మైట్ అనే సూక్ష్మమైన పురుగు పిల్ల కుట్టినప్పుడు అది ఒంట్లో చేరుతుంది. ఇది మన కణాల లోపల దూరి పెరిగే రకం. సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్ లాంటివి బ్యాక్టీరియా గోడను దెబ్బతీసే మందులు. దీని మీద అవి పనిచేయవు. ఆ మందు వాడినా జ్వరం దిగలేదంటే అదీ ఒక ఆచూకీయే.

ఇవాళే మంచి వెలుతురులో ఆయన ఒళ్లంతా చూడండి. పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు, చుట్టూ ఎర్రగా, మధ్యలో నల్లటి పెచ్చు ఉండవచ్చు. నొప్పి, దురద సాధారణంగా ఉండవు కాబట్టి రోగికి దాని సంగతే తెలియదు. చంకలు, గజ్జలు, మర్మాంగాల చుట్టుపక్కల, బొడ్డు, చెవుల వెనక, నడుము దగ్గర బట్ట బిగుసుకునే చోటు, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద. సిగ్గుపడి వదిలేసేవన్నీ ఇవే, అది దొరికేదీ ఇక్కడే. చెమట పట్టే మడతల్లో పెచ్చు కట్టకుండా చిన్న పుండులా కనిపిస్తుంది. దగ్గర్లో బిళ్ల కట్టి (గ్రంథి వాచి) ఉందేమో తడిమి చూడండి. పెచ్చును గిల్లకండి, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు అది పనికొస్తుంది. కనబడకపోయినా జబ్బు లేదని కాదు, చాలామందికి పెచ్చు రానే రాదు.

ప్రశ్న: వైల్-ఫెలిక్స్ పరీక్ష నెగెటివ్ వచ్చింది. మందు మొదలుపెట్టవచ్చా? ఎలా వాడాలి?

జవాబు: వైల్-ఫెలిక్స్ టైఫస్ జ్వరాలకు చేసే 1916 నాటి రక్తపరీక్ష. ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియాను వాడి పరోక్షంగా పసిగట్టేది, అసలు జబ్బును చాలాసార్లు వదిలేస్తుంది. ఈ జబ్బు మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టే ఐజీఎం ఎలిసా పరీక్ష దానికంటే మేలు. కానీ మొదటి వారంలో చేస్తే అదీ నెగెటివ్ రావచ్చు. లక్షణాలు సరిపోతుంటే రిపోర్టు కోసం ఆగకూడదు. అదే మా గట్టి అభిప్రాయం. ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలాసార్లు ఆలస్యమే.

పెద్దలకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, మామూలుగా 7 రోజులు. డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట నడుం వాల్చకూడదు. లేకపోతే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. యాంటాసిడ్, ఐరన్ మాత్రలు దీనితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. మింగిన వెంటనే వాంతి అయితే డాక్టరుకు చెప్పండి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు పళ్లు పచ్చబడతాయన్న భయంతో డాక్సీసైక్లిన్ మానేస్తుంటారు. బరువును బట్టి కొద్దిరోజులే ఇచ్చే ఈ మందుతో ఆ ముప్పు కనిపించలేదు, జబ్బు ముప్పు మాత్రం నిజం.

సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే రోగనిర్ధారణను మళ్లీ చూడాలి. ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రలతో ఇంట్లో ఉండకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: రోగిని వేరే గదిలో ఉంచాలా?

జవాబు: అక్కర్లేదు. స్క్రబ్ టైఫస్ మనిషి నుంచి మనిషికి అంటదు. దాన్ని మోసే మైట్ పిల్లకు ఆరు కాళ్లు, పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. గడ్డి, పొదల అంచున కాచుకుని, ఎలుక మీదకో మనిషి మీదకో ఎక్కుతుంది. అది జీవితంలో కుట్టేది ఒక్కసారే. తల్లి గుడ్డు ద్వారానే సూక్ష్మజీవి దానికి వస్తుంది కాబట్టి రోగిని విడిగా ఉంచినా లాభం లేదు. పొదల్లో పనిచేసేవాళ్లు ప్యాంటు అంచును సాక్సులో దోపుకోవాలి, నేల మీద కూర్చోకూడదు, విప్పిన బట్టలు గడ్డి మీద ఆరేయకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం, బట్టలకు వేడినీళ్లు. లక్షణాలు 6 నుంచి 21 రోజుల తర్వాత మొదలవుతాయి కాబట్టి మూడు వారాల వెనకటి పనినీ డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: శిబిరంలో చాలామంది బట్టల్లో పేలు కనిపించాయి. ఎలుకలు కూడా ఎక్కువే. ముందు ఎలుకల మందు పెట్టమంటారా?

జవాబు: దయచేసి వద్దు. ఎలుకల నుంచి వచ్చే మరో రకమైన మ్యూరైన్ టైఫస్‌ను మోసేది ఎలుక మీది గోమార్లు (ఫ్లీ అనే, దూకే చిన్న పురుగులు). ఎలుక చస్తే అవి ఆకలితో మనుషుల మీదకు దూకుతాయి. ముందు కలుగుల్లో, ఎలుకలు తిరిగే దారుల్లో గోమార్లను చంపే మందు చల్లించి, ఆ తర్వాతే ఎలుకల పని పట్టాలి.

చీరపేలు ఇంకా ప్రమాదం. తలపేను వేరు, ఇది వేరు. ఇది బట్టల కుట్లలో కాపురముండి, ఆకలైనప్పుడు ఒంటి మీదకు వస్తుంది. జనం గుమిగూడిన చోట పాకే మూడో రకం, మహమ్మారి టైఫస్‌ను మోసేది ఇదే. పేను కాటు వల్ల కాదు, గోక్కున్నప్పుడు దాని మలం గాటులోకి దిగడం వల్ల అంటుకుంటుంది. ట్యునిస్ ఆసుపత్రిలో స్నానం చేయించి బట్టలు మార్చాక రోగుల నుంచి ఎవరికీ అంటడం లేదని ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ నికోల్ గమనించారు. ఆ గమనికతో పేను మీద పుట్టిన అనుమానం 1909లో ప్రయోగాలతో రుజువైంది, 1928లో ఆయనకు నోబెల్ వచ్చింది. అందుకే తల గొరిగించడం మీద సమయం వృథా చేయకండి. అందరి బట్టలు, దుప్పట్లు ఒకే రోజున 60 డిగ్రీల నీళ్లలో ఉతికించండి. ఉతకలేనివి మూతి బిగించిన సంచిలో రెండు వారాలు ఉంచండి. కుట్ల మీద ఇస్త్రీ గట్టిగా నొక్కితే ఈపులు కూడా చస్తాయి. సగం మందివి ఇవాళ, మిగతావి రేపు అంటే పేలు మళ్లీ అందరికీ పాకుతాయి. ఎవరికైనా జ్వరం ఉంటే అదే రోజు ఆరోగ్య అధికారులకు తెలియజేయండి.