నల్లా నీళ్లలో థిన్నర్ వాసన: కేసు వేయడానికి గడువు ఉందా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న మున్సిపాలిటీ. నాలుగేళ్ల ఎనిమిది నెలలుగా నల్లా నీళ్లు పెయింట్ థిన్నర్ వాసన వస్తున్నాయి, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు మరీ ఎక్కువ. కౌన్సిలర్‌కి అప్పుడే వాట్సాప్‌లో పెట్టాను, పట్టించుకోలేదు. నా భార్యకు ఇప్పుడు కిడ్నీ జబ్బు. ఒక బాటిల్‌లో నీళ్లు పట్టి ఫ్రిజ్‌లో దాచాను. వాసన పోయినేడే మొదలైందని రాస్తే గడువు సమస్య ఉండదని తెలిసినాయన అంటున్నారు. కోటి రూపాయలు అడగవచ్చా?

జవాబు: ముందు ఆ తెలిసినాయన మాట వినడం మానేయండి. మీ కేసు నిలిచేదీ పోయేదీ తేదీ మీదే. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి సంబంధించిన 2010 నాటి చట్టం సెక్షన్ 15 కింద నష్టపరిహారానికి ఐదేళ్ల గడువు, అదీ కారణం మొట్టమొదట పుట్టిన రోజు నుంచి. అంటే మీకింకా నాలుగు నెలలుంది. ఆ తర్వాత సరైన కారణం చూపిస్తే 60 రోజులు, అంతకుమించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కి కూడా లేదు. పర్యావరణ వివాదం తేల్చమని అడిగే సెక్షన్ 14కి ఆరు నెలలే, అది ఎప్పుడో దాటిపోయింది. వాసన ఇవాళ్టికీ వస్తోంది కదా, గడువు దాటలేదు అని వాదించొచ్చు, అవసరమైతే నేనూ వాదిస్తాను, కానీ గడువు చేతిలో ఉండగా ఆ వాదన మీద ఆధారపడడం తెలివితక్కువ. సివిల్ కోర్టుకి వెళ్లకండి, ట్రిబ్యునల్ చూడాల్సిన కేసుల్ని అవి తీసుకోకుండా అదే చట్టం సెక్షన్ 29 అడ్డు.

తేదీ మార్చి అఫిడవిట్ వేశారనుకోండి, మీ పాత మెసేజ్ కౌన్సిలర్ ఫోన్‌లోనే ఉంది, అవతలి లాయర్ దాన్ని తీసి చూపిస్తే మీ కేసు పోవడమే కాదు, మీ మీదే క్రిమినల్ కేసు రావచ్చు. అసలు ఆ మెసేజే మీకు మంచి సాక్ష్యం! ఫోన్ మార్చకండి, డిలీట్ చేయకండి, ఎలక్ట్రానిక్ రికార్డులకి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో దాఖలు చేద్దాం.

ఇక ఆ ఫ్రిజ్‌లో బాటిల్. ఇన్నేళ్లలో చేసిన పని అదొక్కటేనా? థిన్నర్ లాంటి సాల్వెంట్ అంటే ఆవిరైపోయే సరుకు, ప్లాస్టిక్ బాటిల్‌లో సగం నీళ్లు సగం గాలి పెట్టి దాస్తే అందులో ఏం మిగులుతుంది? పైగా ఎవరు పట్టారో, ఎప్పుడు పట్టారో మీ నోటి మాట తప్ప రుజువు లేదు. దీనికి 40 మిల్లీలీటర్ల గాజు వయల్, టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి, ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు, ఐస్ బాక్స్‌లో ల్యాబ్‌కి వెళ్లాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషినే రమ్మని, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలతో పట్టించండి. వీఓసీ (తేలిగ్గా ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు) పరీక్ష అని అడిగి చేయించండి, మామూలు పరీక్షలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), క్లోరిన్, బ్యాక్టీరియా తప్ప ఇవి కనపడవు.

మొదటి పది నిమిషాలు అన్నారు చూడండి, నాకు బాగా పనికొచ్చేది అదే. సరఫరా ఆగినప్పుడు ఖాళీ పైపు, పగుళ్లలోంచి బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. అందుకని నీళ్లు వదలగానే ఒక శాంపిల్, అరగంటకి ఇంకొకటి. తేడా కనిపిస్తే మున్సిపాలిటీ కూడా ప్రతివాదే, ఫ్యాక్టరీ ఒక్కదాన్నే పట్టుకుంటే వాళ్లు పైపు మీదకి నెట్టేస్తారు.

చాలామంది వాడని దారి ఒకటుంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లో ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు ఉంది. పది రూపాయల ఫీజుతో మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి ట్యాంకు నీటి నమూనా, ఐదేళ్ల పరీక్షల రిజిస్టరు, లీకేజీ మరమ్మతుల వివరాలు అడగండి. ఈ వారంలోనే పెట్టండి, వాళ్లకి 30 రోజుల టైముంటుంది.

కోటి అడగవచ్చు, కానీ ఫీజు ఒక శాతం, అంటే లక్ష రూపాయలు. బిల్లులు ఎంతవరకు ఉన్నాయో అంతే అడగండి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ విషయంలో వచ్చిన ఎం.వి.నాయుడు కేసులో (1999) హాని లేదని రుజువు చేసే భారం పరిశ్రమదే అని సుప్రీంకోర్టు చెప్పింది, అయినా మీ నల్లాలో ఏ రసాయనం ఉందో ముందు మీరే చూపించాలి. లోహాల జిడ్డు వదిలించే సాల్వెంట్ ట్రైక్లోరోఇథిలీన్ అయితే కిడ్నీ క్యాన్సర్‌తో దానికున్న సంబంధం శాస్త్రవేత్తలు ఒప్పుకున్నదే. పెయింట్ థిన్నర్లలో వాడే టొలూయీన్ అయితే కథ వేరు, అసలు మీ ఆవిడ జబ్బు ఏ రకమో నెఫ్రాలజిస్టు రాతపూర్వకంగా చెప్పాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టి తీసుకురండి. ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో ఈ-ఫైలింగ్ ఉంది, ప్రయాణం గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఈలోగా ఆ నీళ్లు కాచి తాగుదామని మాత్రం అనుకోకండి, మూసిన వంటింట్లో కాస్తే ఆ ఆవిరి మీరే పీలుస్తారు.