కన్వర్టర్ మూడుసార్లు దిగాలి అల్లుడూ

కావలి

అల్లుడూ,

ఎవరో విప్పి గోనెసంచిలో పోసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని నువ్వు బిగిస్తానని ఒప్పుకున్నావంట. పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బలే సంతోషం వేసింది, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. మామూలు గేర్‌బాక్స్ నువ్వు నిద్రలో లేపినా బిగిస్తావు. ఇది ఆ జాతి కాదురా. దీంట్లో గేర్లు మార్చేది ఆయిల్ ప్రెజర్. ఒక్క రబ్బరు సీల్ అంచు మడతపడినా ఆ గేరు పడదు.

ముందు దుమ్ము సంగతి. చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్క షెడ్డులో వాల్వ్ బాడీ, అదే ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో తేల్చే పెట్టె, తెరవబాక. లోపలి వాల్వులు వెంట్రుకైనా దూరని సందులో జారతాయి, రాతిపొడి నలుసు ఒక్కటి పడితే చాలు ఇరుక్కుపోతాయి. తలుపులు వేసుకునే గది చూసుకో, ఫ్యాన్ ఆపు. బనియన్ వేస్ట్ ముట్టుకోవద్దు, దాని పీచు కూడా అంతే చేటు చేస్తుంది.

విప్పినవాడు కవర్ల మీద రాసిన పేర్లు నమ్మొద్దు. ఆ మోడల్ మాన్యువల్లో విడిభాగాల బొమ్మ పెద్దగా ప్రింటు తీయించి నేల మీద పరుచు. ప్రతి ముక్కనీ దాని బొమ్మ పక్కనే పెట్టు. తక్కువేంటో బిగించకముందే తేలాలి. పల్చటి థ్రస్ట్ వాషర్లు ఆయిల్ జిగటకి డ్రమ్ము వెనక అతుక్కుని ఉంటాయి, పోయాయనుకునే ముందు అక్కడ చూడు. వాల్వ్ బాడీ గ్యాస్కెట్లు రెండూ ఒకేలా కనబడతాయి, ఒక్కోదాన్నీ వాటి మధ్యలో వచ్చే సెపరేటర్ ప్లేట్ మీద పెట్టి రంధ్రాలు కలిశాయో లేదో చూడు. ఆయిల్ దారుల్లో ఉండే చిన్న గుళ్ళు, చెక్ బాల్స్, బొమ్మలో ఎన్నుంటే అన్నీ ఉండాలి. అవి జారకుండా తెల్ల వాసెలిన్ పెట్టు. గ్రీజు వద్దేవద్దు, అది ఆయిల్లో కరగదు, సన్న దారుల్ని మూసేస్తుంది.

క్లచ్‌ల్లో వేసే కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు ఆ బండికి చెప్పిన ఏటీఎఫ్‌లోనే, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్లోనే, కనీసం అరగంట నానాలి. స్టీల్, ఫ్రిక్షన్ వరస నీకు చెప్పే పన్లేదు. సర్‌క్లిప్ వేశాక దానికీ పై ప్లేటుకీ మధ్య సందు మాత్రం ఫీలర్ గేజ్‌తో కొలువు. మాన్యువల్లో అంకె ఏదుంటే అదే ఖాయం. చేతిలెక్కకైతే ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకి పావు మిల్లీమీటరు, అంటే నాలుగు ప్లేట్లకి 1 మిల్లీమీటరు. తక్కువైతే క్లచ్ ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతుంది. ఎక్కువైతే గేరు లేటుగా పడి దబ్బున కొడుతుంది. వన్‌వే క్లచ్ ఒకవైపే తిరగాలి. ఏ వైపో మాన్యువల్ చూసి, చేత్తో తిప్పి చూసుకో. తిరగేసి వేస్తే మళ్ళీ అంతా విప్పాల్సిందే.

ప్రతి క్లచ్‌కీ గాలి పెట్టి చూడు, 30 నుంచి 40 పీఎస్ఐ చాలు. పిస్టన్ 'దబ్' మని కదలాలి. సుయ్యిమని గాలి పోతుంటే సీల్ తెగిందనే. దానికి ముందు కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు వదులు, తడి తగిలితే ఫ్రిక్షన్ ప్లేట్ల పూత ఊడిపోతుంది.

ఇంక నన్ను నిద్రపోనీయనిది కన్వర్టర్, ఇంజన్ తిప్పుడుని ఆయిల్‌తో గేర్‌బాక్స్‌కి అందించేది. దాన్ని పూర్తిగా దించకుండా బిగించే తప్పు నీకంటే నాకంటే పాతది. అన్నీ సరిగ్గా చేసి, సాయంత్రం పూట, ఓనరు బయట నిలబడి టైం చూసుకుంటుంటే అప్పుడు జరుగుతుంది. కన్వర్టర్‌లో ముందు ఒక లీటరు ఏటీఎఫ్ పోసి, షాఫ్ట్ మీదికి ఎక్కించి, మెల్లగా నొక్కుతూ అటూ ఇటూ తిప్పు. ఒకసారి దిగుతుంది, కన్వర్టర్ లోపలి స్టేటర్ పళ్ళు దొరికినట్టు. ఇంకోసారి దిగుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళు దొరికినట్టు. అక్కడితో అయిపోయిందనిపిస్తుంది. అవలేదు. పంపుని తిప్పే గాడి ఇంకా దొరకలేదు. మూడోసారి చిన్నగా 'టక్' మని దిగేదాకా తిప్పుతూనే ఉండు. ఆ తర్వాత గేర్‌బాక్స్ ముందుండే గంటలాంటి డొప్ప, బెల్ హౌసింగ్, దాని అంచు మీద స్కేలు అడ్డంపెట్టి, కన్వర్టర్ ఎంత లోపలుందో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చు.

ఇంజన్‌కి పెట్టేటప్పుడు బెల్ హౌసింగ్ చేత్తో నెడితేనే బ్లాకుకి ఆనాలి. సందు మిగిలితే బోల్టులతో లాగబాక నాయనా, చెయ్యి ఆపు. లాగితే కన్వర్టర్ మెడ పంపు గేరుని పగలగొడుతుంది. స్టార్ట్ చేయగానే ఆ ఇనప రజను నువ్వు నానబెట్టి వేసిన ప్రతి ప్లేటులోకీ పోతుంది. బోల్టులు బిగిశాక కన్వర్టర్ చేత్తో సులువుగా తిరగాలి, ఇంజన్ వెనకుండే ఫ్లెక్స్ ప్లేటుని తాకడానికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందుకి రావాలి. రాకపోతే దించు. ఓనరు తిట్టినా దించు.

కూలర్ పైపులు కడగడం మర్చిపోవద్దు, పాత క్లచ్ మడ్డంతా అందులోనే ఉంటుంది. ఆయిల్ సాంప్‌లో అయస్కాంతాలు తుడిచి మళ్ళీ పెట్టు. ట్రాలీ జాకు ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరబాక, నాలుగు స్టాండ్లు వెయ్యి. మీ అమ్మకి నేను మాటిచ్చాను.

కన్వర్టర్ ఎక్కించే రోజు ముందే చెప్పు. పొద్దున్నే ఒంగోలు బస్సెక్కి వస్తాను. ఆ మూడో 'టక్' వినేదాకా బెల్ హౌసింగ్ బోల్టులు నా జేబులో ఉంటాయి.

మీ మావయ్య