కొండ ఊళ్లు రెండు చాలు

ప్రశ్న: అక్టోబరులో అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నాం. రోమ్‌కీ ఫ్లోరెన్స్‌కీ మధ్య నాలుగు రోజులు ఖాళీ ఉంది. కారు అద్దెకు తీసుకుని ఆసీసీ, ఒర్వియేటో, సియెనా, సాన్ జిమిన్యానో, అరెట్సో చుట్టేద్దామని మావారి ప్లాను. నాన్నగారు పంచాయతీరాజ్ శాఖలో చేసి రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు. చిత్రకళలో మాకెవరికీ ఓనమాలు రావు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మీవారిని కారు మాట మర్చిపొమ్మనండమ్మా. ఆ ఊళ్ల పాత పేటల్లోకి బయటి బళ్లను రానివ్వరు. ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. తెలియక దూరితే నెలల తర్వాత జరిమానా కాగితం గుంటూరుకే వస్తుంది.

అయిదింటిలో ఒర్వియేటో, సియెనా ఉంచుకోండి. రెండిటికీ రైలుంది. రోమ్ నుంచి ఒర్వియేటో, అక్కణ్ణుంచి కియూసిలో బండి మారి సియెనా, ఆపైన గంటన్నరలో ఫ్లోరెన్స్. సాన్ జిమిన్యానో బురుజులు అందమైనవే కానీ, ఆ ఊరికి రైలు లేదు, వీధుల నిండా మనలాంటి టూరిస్టులే. ఆసీసీ వదలమనడానికి నాకూ మనసొప్పడం లేదు. అయినా వదిలేయండి.

ఒర్వియేటో స్టేషన్ ఎదురుగానే కొండ మీదకి తాడుతో లాగే రైలుంది, పైన చిన్న బస్సెక్కితే పెద్ద చర్చి దగ్గర దింపుతుంది. లోపల సాన్ బ్రీత్సియో మందిరంలో 1499 నుంచి 1504 వరకు లూకా సిన్యొరెల్లి వేసిన గోడలు చూడండి. ఒకచోట అచ్చం క్రీస్తులా ఉన్నాయన ప్రసంగిస్తుంటాడు. వెనక నుంచి సైతాను చెవిలో మాటలు అందిస్తుంటాడు. కాసేపు చూస్తే, ఆ కనపడే చెయ్యి ఎవరిదో తేలదు. ఇది పట్టుకోవడానికి కళాశాస్త్రం ఎందుకు? ఆ ఊళ్లో పోప్ తవ్వించిన లోతైన బావి ఒకటుంది. దిగడానికో మెట్లదారి, ఎక్కడానికో మెట్లదారి. మెట్లు 248, నాన్నగారు పైనే ఉంటే మంచిది.

సియెనాలో నాన్నగారి కోసమే అన్నట్టు ఒక గది ఉంది. ఊరిని ఏలిన తొమ్మిదిమంది పెద్దలు కూర్చున్న చోటు. 1338, 39లలో అంబ్రోజో లొరెన్‌జెత్తి వాళ్ల కళ్లెదుటే మంచి పాలన ఒక గోడ మీద, చెడ్డ పాలన ఎదుటి గోడ మీద వేశాడు. మంచి వైపు తాపీ పనివాళ్లు, చెప్పుల దుకాణం, పాఠం చెప్పే పంతులు, నడివీధిలో చేతులు పట్టుకుని నాట్యం. ఊరి గుమ్మం వైపు ఒక రైతు నల్లపందిని తోలుకొస్తుంటాడు, దాని భుజాల మీదుగా తెల్లపట్టీ. ఆ జాతి పందులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. చెడ్డ పాలన గోడే ఎక్కువ పాడైపోయింది. నాన్నగారిని తొందరపెట్టకండి, గంటయినా కూర్చోనివ్వండి. మరమ్మతులకు మూసే అవకాశం ఉంటుంది కాబట్టి టికెట్ కొనేముందు ఆ గది తెరిచి ఉందో లేదో అడగండి.

స్టేషన్ నుంచి సియెనా పైకి ఎస్కలేటర్లున్నాయి. తర్వాత అన్నీ రాతి ఎగుడుదిగుళ్లే, హోటల్ గది ఊరి పెద్ద మైదానానికి దగ్గర్లో తీసుకోండి. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు, ఆ వేళ భోజనానికి పెట్టుకోండి. వాళ్ల రొట్టెలో ఉప్పుండదు, అమ్మగారు మొహం చిట్లిస్తారు. వెల్లుల్లి, టమాటాతో చేసే పిచి అడగండి. మన సేమ్యాని పదింతలు లావు చేసినట్టుంటుంది, శాకాహారులకు బెంగ లేదు.