ముందు అడుగున చూడు: జనరేటర్ విప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, వచ్చే నెలలో మీ పవర్ స్టేషన్‌లో 500 మెగావాట్ల యూనిట్‌ను ఓవర్‌హాల్‌కు, అంటే విప్పి బాగుచేయడానికి ఆపుతున్నారనీ, గ్యాస్ ఖాళీ చేయడం మొదలు లోపల తిరిగే రోటర్‌ను బయటికి లాగి మళ్లీ కూర్చోబెట్టే వరకు జనరేటర్ పనంతా ఈసారి నీ పూచీ మీదే జరుగుతుందనీ చెప్పింది. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని నీ చేతికి వచ్చిందని విని ఎంత సంతోషించానో మాటల్లో పెట్టలేను. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదన్నదీ నిజమే. ఇంత పెద్ద కబురు నీ నోట కాక మీ అమ్మ నోట వినవలసి వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. "మామయ్యకు చెబితే వంద జాగ్రత్తలు చెబుతాడు" అన్నావట. వంద చెప్పను. నాకు భయమున్నవి రెండు మూడే. వాటిలో ఒకదాని గురించి మాత్రం ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు కనుక, ఓపికగా చదువు.

ఎంత మంచి జనరేటర్ అయినా దాని శక్తిలో నూటికి ఒక పాలు పైచిలుకు వేడిగా పోతుంది. 500 మెగావాట్ల మీద లెక్క కడితే అది ఆరేడు మెగావాట్లు, అంటే ఇళ్లలో వాడే కిలోవాట్ హీటర్లు ఆరేడు వేలు ఒకే మూసిన పెట్టెలో వెలిగించినట్టు. శ్రీశైలంలోనూ సాగర్‌లోనూ నీటితో తిరిగే జనరేటర్లకు గాలే సరిపోతుంది. అవి నెమ్మదిగా తిరుగుతాయి, వెడల్పుగా ఉంటాయి, తిరిగే పోల్సే, అంటే అయస్కాంత ధ్రువాలే, విసనకర్రల్లా గాలిని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ సందుల్లోకి తోస్తాయి. మన యంత్రం అలాంటిది కాదు. మీటరుకు కాస్త మించిన వ్యాసంతో సన్నగా, పొడుగ్గా ఉన్న రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, దాని అంచు గంటకు ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతుంది. ఆ వేగంలో గాలిని చిలకడానికే బోలెడంత శక్తి ఖర్చయి, ఆ చిలకడంలోనే మళ్లీ వేడి పుడుతుంది. అందుకే గాలిలో పద్నాలుగో వంతు బరువుండి, వేడిని దానికన్నా ఏడు రెట్లు సులువుగా మోసుకుపోయే హైడ్రోజన్‌ను నింపుతారు. స్టేటర్ వైండింగ్‌కు అదీ చాలక, బోలుగా ఉన్న రాగి కడ్డీల్లోంచి లవణాలు తీసేసిన నీరు (డీఎం వాటర్) పంపుతారు. ఇవన్నీ నీవు చదివినవే. నేను చెప్పదలచిన మాట ఒకటే. ఈ చల్లదనం కోసం తెచ్చిపెట్టుకున్న ప్రతి వస్తువుకూ దాని ప్రమాదం దానికుంది, ఆ ప్రమాదం ఒక్కొక్కటీ ఒక్కొక్క చోట కాచుకుని ఉంటుంది.

హైడ్రోజన్ ప్రమాదం అందరికీ తెలుసు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా అది అంటుకుంటుంది. యంత్రం నడిచేటప్పుడు 97, 98 శాతం శుద్ధంగా ఉంటుంది కనుక లోపల నిప్పుకు తావు లేదు. గాలి, హైడ్రోజన్ ఒకదానికొకటి ఎదురుపడకుండా మధ్యలో కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. ఈ భయం ప్రతి స్టేషన్‌లోనూ ఎంతగా నాటుకుపోయి ఉంటుందంటే, ఆ పని సాధారణంగా ఎవరూ తప్పుగా చేయరు. పర్మిట్ తీసుకో. గ్యాస్ ఖాళీ అయ్యే వరకు, షాఫ్టు సందుల్లోంచి గ్యాస్ బయటికి రాకుండా అడ్డుకునే సీల్ ఆయిల్ ఒత్తిడి గ్యాస్ ఒత్తిడి కన్నా పైనే ఉండేలా చూసుకో. హైడ్రోజన్ లైనుకు వాల్వు మూసి ఊరుకోక, మధ్యలోని పైపు ముక్కను విప్పించి పక్కన పెట్టించు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ల దగ్గర మంచు కడితే, ద్రవాన్ని గ్యాస్‌గా మార్చే వేపరైజర్ పనిచేస్తోందో లేదో చూడాలి గానీ, ఎవరైనా మంట పెట్టబోతే వాళ్లను ఆ రోజుకు ఇంటికి పంపించేయి.

నా భయం హైడ్రోజన్ మీద కాదు తల్లీ. దాన్ని తరిమేయడానికి మనం నింపే ఆ రెండో గ్యాస్ మీద.

నాకు ముప్పై రెండేళ్లున్నప్పుడు, ఒక ఎండాకాలం, నేను పనిచేస్తున్న చోట 210 మెగావాట్ల యూనిట్ ఒకటి హైడ్రోజన్ కారుతోందని ఆపాము. కారేది స్టేటర్ అడుగున వేలాడే టెర్మినల్ బాక్స్‌లో, కరెంటు బయటికి వచ్చే కడ్డీని పట్టి ఉంచే బుషింగ్ దగ్గర. కరెంటు కొరత రోజులు కనుక, ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు వదులుతారు అని గంటగంటకూ ఫోన్లు వస్తున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌తో హైడ్రోజన్‌ను వెళ్లగొట్టేటప్పుడు, తేలికైన హైడ్రోజన్ పైనుంచి పోతుంది కాబట్టి నమూనాను పైనుంచే తీస్తాం. అలాగే తీశాను. అది ముగిశాక గాలి నింపడం మొదలుపెట్టాము. ఇప్పుడు గాలి పైనుంచి వస్తుంది, బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగునుంచి పోతుంది. కనుక నమూనా తీసే సెలెక్టర్ వాల్వును అడుగు వైపుకు తిప్పాలి. ఆ ఒక్క పని నేను మరిచిపోయాను. పైనుంచి వచ్చే నమూనాలో గాలి తప్ప ఇంకేముంటుంది? కాసేపటికే మీటరు శుద్ధమైన గాలి అని చూపింది. నేను లాగ్‌బుక్‌లో సంతకం చేసి మ్యాన్‌హోల్ తెరిపించాను.

మా మేస్త్రీ పెద్దవాడు. మొదట దిగబోయే ఖలాసీ నడుముకు తాడు కడతానన్నాడు. ఆలస్యమవుతోందని నేను విసుక్కున్నాను. అయినా ఆయన నా మాట విననట్టే ఊరుకుని, నిదానంగా రెండు ముళ్లు వేసి కట్టాడు. ఆ కుర్రవాడు టార్చిలైటు పట్టుకుని నిచ్చెన మీదుగా దిగాడు. నేను పైనుంచి తొంగి చూస్తున్నాను. టార్చి వెలుగు పింగాణీ బుషింగ్ మీద పడి, దాని అంచుల వెంట ఒక చుట్టు తిరిగి, అక్కడే ఆగిపోయింది. బుషింగ్‌ను పరీక్షగా చూస్తున్నాడనుకుని, ఏం కనిపించిందని అడిగాను. వెలుగు కదలలేదు, జవాబూ రాలేదు. పక్కనున్న మరో ఖలాసీ అతని పేరు పెట్టి కేక వేస్తూ మ్యాన్‌హోల్‌లోకి కాళ్లు పెట్టబోతే, మేస్త్రీ అతని చొక్కా పట్టి వెనక్కు ఈడ్చి, "లాగండి" అని తాడు అందుకున్నాడు. నలుగురం కలిసి లాగాము. బయట పడుకోబెట్టాక అతను మళ్లీ ఊపిరి తీసుకునే లోపల గడిచిన ఆ కొద్ది క్షణాలు నేను ఈనాటికీ లెక్కపెడుతూనే ఉన్నాను.

అతను బతికాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను చూడడానికి వెళితే నన్ను ఒక్క మాటా అనలేదు. "సార్, ఈ రెండు రోజులకూ హాజరు వేస్తారా?" అని మాత్రం అడిగాడు. దానికన్నా చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటి ఉంది. మీ తాతయ్య, అంటే మా నాన్న, ఊళ్లో పాత బావి పూడిక తీయించేటప్పుడు ముందు లాంతరు వెలిగించి తాడుతో అడుగుదాకా దింపేవాడు. అది ఆరిపోతే ఎవ్వరినీ దిగనిచ్చేవాడు కాదు. వేపమండల మోపు కట్టి పైకీ కిందికీ ఆడించి, లోపలి గాలి కదిలేలా చేసి, మళ్లీ లాంతరు దింపి చూసేవాడు. ఒకడు పడిపోతే వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగి, వాడి వెనక మూడోవాడు దిగి, ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన కథలు మా చిన్నప్పుడు చెప్పేవాడు. ఇంజనీరింగ్ చదివిన నాకు, ఆ టెర్మినల్ బాక్స్ ఒక బావి అని ఆ రోజు తట్టలేదు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. జనరేటర్ దగ్గర నిప్పు మాటే తలపెట్టకూడదు కాబట్టి లాంతరు సంగతి మరిచిపో. నీకు ఆక్సిజన్ మీటరు ఉంది. దాని గొట్టాన్ని తాతయ్య లాంతరు దింపినట్టు అడుగుదాకా దింపి చూడు.

అందుచేత అడుగు నమూనా చూడకుండా గాలి నిండిందని ఎవరు చెప్పినా సంతకం పెట్టకు. అడుగు నమూనా బాగుందన్నా నమ్మకు, ఎందుకంటే టెర్మినల్ బాక్స్ ఆ నమూనా తీసే పైపుకన్నా కిందికి ఉంటుంది, గాలి ప్రవాహం దాని మూలలదాకా పోదు. తెరిచాక బ్లోయర్ పెట్టించి, ఆక్సిజన్ దాదాపు 21 శాతం చూపేదాకా ఆగి, పని సాగుతున్నంతసేపూ బ్లోయర్ ఆపకుండా చూడు. దిగే మనిషికి తాడు, పైన ఒక మనిషి, ఆ పై మనిషికి వేరే పని ఏదీ అప్పగించకూడదు. పెత్తనం నీదని చూపించుకోవడానికి నీవే ముందు దిగుతానని పట్టుబడతావేమో. అలా చేయకు. బాధ్యత ఉన్న మనిషి ఉండవలసింది మ్యాన్‌హోల్ పైన. ఆరేళ్లప్పుడు ఏ బావి కనిపించినా గట్టు మీద పొట్ట ఆనించి లోపలికి తొంగిచూసే పిల్లవు నీవు. నీ గౌను పట్టుకుని వెనక్కి లాగిన చేయి ఇదే. ఇప్పుడు అక్కడ నేనుండను.

ఇక చల్లదనం సంగతులు. రోటర్‌ను లాగినప్పుడు దాని గ్యాస్ రంధ్రాలను ఒక్కొక్కటిగా పొడిగాలితో ఊది, అవతల గాలి వస్తోందో లేదో చేత్తో చూసి, కాగితం మీద గుర్తు పెట్టించు. ఒకవైపు నాలుగు రంధ్రాలు మూసుకుపోతే ఆ వైపు రాగి ఎక్కువ కాగుతుంది, రోటర్ అటు ఇటు సమానంగా సాగక కాస్త వంగుతుంది, ఎక్సైటేషన్, అంటే రోటర్ వైండింగ్‌కు ఇచ్చే కరెంటు, పెంచినప్పుడల్లా వైబ్రేషన్ పెరుగుతుంది. దాన్ని బ్యాలెన్సింగ్ లోపమనుకుని బరువులు మార్చుకుంటూ రోజులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకు కారణం చాలాసార్లు ఎవరో తుడిచి వదిలేసిన గుడ్డపీలిక. కాబట్టి లోపలికి పోయే ప్రతి గుడ్డకూ, ప్రతి స్పానరుకూ లెక్క రాయించు. జేబుల్లో పెన్నులు, సెల్‌ఫోన్లు, చేతికి ఉంగరాలు ఏవీ లోపలికి పోకూడదు. నీ గాజులు కూడా.

రెండోది తేమ. హైడ్రోజన్ తడిగా ఉంటే రోటర్ చివరల రాగి చుట్లను పట్టి ఉంచే రిటైనింగ్ రింగుల్లో సన్నని పగుళ్లు మొదలవుతాయి. 18 శాతం మాంగనీసు, 5 శాతం క్రోమియం ఉన్న పాత ఉక్కు రింగులకు ఈ జబ్బు మరీ ఎక్కువ కనుక, మీ రోటర్‌కు ఏ ఉక్కు రింగులున్నాయో పాత రికార్డుల్లో ముందే వెతికి పెట్టుకో. మళ్లీ నడిపేటప్పుడు స్టేటర్‌లోకి పోయే నీరు చల్లటి గ్యాస్ కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగానే ఉండాలి. లేకపోతే చల్లనీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు వైండింగ్ మీద తేమ పడుతుంది. గ్యాస్ ఒత్తిడి ఎప్పుడూ ఆ నీటి ఒత్తిడి కన్నా ఎక్కువగా ఉండాలి. అలా ఉంటే ఎక్కడైనా చిల్లి పడినా గ్యాస్ నీళ్లలోకి పోతుంది గానీ, నీళ్లు వైండింగ్ మీదికి రావు. హైడ్రోజన్ కూలర్ల ట్యూబులు శుభ్రం చేయించి, నీళ్లు పెట్టాక పైనున్న గాలిని తప్పక వదిలించు. ఒక కూలర్‌లో గాలి నిలిచిపోతే ఆ మూల గ్యాస్ మాత్రమే వేడిగా వస్తుంది, దాని కారణం ఎక్కడో వెతుక్కుంటావు.

నీవు నైట్ షిఫ్టులు కూడా నీవే చూస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. రాత్రి రెండింటికి నీకు నిద్ర ఆగదని నాకు తెలుసు. గ్యాస్ మార్చే పని పగలే పెట్టుకో, ఆ రోజు కడుపునిండా తిని వెళ్లు, ఎవరు ఫోన్ చేసి తొందరపెట్టినా ఫోన్ మేస్త్రీకి ఇచ్చి నీవు మీటరు దగ్గరే నిలబడు. మీ మేస్త్రీ ఎవరో నాకు తెలియదు. అతను తాడు కడతానంటే కట్టనివ్వు.

ఆ ఖలాసీ ఇప్పటికీ సంక్రాంతికి నాకు ఫోన్ చేస్తాడు. ఈసారి నీ సంగతి చెప్పాను. "మన టెర్మినల్ బాక్స్ గురించి అమ్మాయికి రాశారా?" అని అడిగాడు. రాస్తానని మాట ఇచ్చాను.

అత్తయ్య అరిసెలు పంపుతోంది, వాటిని హాస్టల్‌లో అందరికీ పంచి నీకు లేకుండా చేసుకోకు. యూనిట్ మళ్లీ పూర్తి లోడుకు వచ్చిన రోజు, ఎంత రాత్రయినా సరే ఫోన్ చేసి, ఏ కూలర్ దగ్గర గ్యాస్ ఎన్ని డిగ్రీలుందో ఒక్కొక్కటిగా చదివి వినిపించు. నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య