యాభై ఎనిమిదేళ్ల వయసులో కథలు రాయడం మొదలుపెట్టవచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. బ్యాంకులో ఇన్నేళ్లు చేశాక, రిటైర్మెంటు దగ్గరపడ్డాక కథలు రాయాలనిపిస్తోంది, ఆలస్యమైందా అన్నది మొదటిది. రాస్తే ఇంట్లోవాళ్లు, తోటి ఉద్యోగులు నవ్వుతారేమో అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను. నవ్వుతారు. కొన్నాళ్లకు మానేస్తారు. మీరు మాత్రం రాయడం మానలేదని తెలిశాక "మా గురించి రాయకు బాబూ" అంటారు. అప్పుడు మీరు రచయిత అయినట్టు లెక్క.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో చేశాను. గుంటూరు, కృష్ణా జిల్లాల సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో తిరిగి, సీనియర్ అసిస్టెంట్‌గా 2019లో రిటైరయ్యాను. మొదటి కథ ఆ తర్వాతే రాశాను. మా శాఖలో మామూలు దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు తేవాలి. వీలునామాకు మాత్రం గడువు లేదు, ఎప్పుడు తెచ్చినా తీసుకుంటారు. కథలు కూడా ఆ కోవలోవే.

ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు కావాలంటే సోమరాజు సుశీల గారున్నారు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, పరిశోధన చేసి, భర్తతో కలిసి పరిశ్రమ నడిపి, ఆ తర్వాత గానీ కథల్లోకి రాలేదు. ఇంగ్లండులో పెనెలపి ఫిట్జ్‌జెరాల్డ్ మొదటి పుస్తకం 1975లో వచ్చింది. అప్పటికి ఆవిడకు సరిగ్గా మీ వయసు. అది ఒక చిత్రకారుడి జీవితచరిత్ర. నవలలు ఆ తర్వాత మొదలుపెట్టి, 1979లో బుకర్ ప్రైజు తెచ్చుకున్నారు. ఇలాంటి పేర్లు విన్న రోజు ధైర్యంగానే ఉంటుంది. మర్నాడు పొద్దున కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఎందుకూ పనికిరావు.

అసలు సంగతికి వస్తాను. పెద్దవయసులో కలం పట్టినవాళ్లతో అందరూ "మీకు బోలెడంత జీవితానుభవం ఉంది కదండీ" అంటారు. అది నమ్మి మనవాళ్లు నేరుగా చిన్నప్పటి ఊళ్లోకి వెళ్లిపోతారు. చెరువు గట్టు, అమ్మమ్మ, ఆవకాయ, అరుగు మీద తాతయ్య. నాకు తెలిసిన రిటైరైన రచయితల్లో సగం మంది ఇంకా ఆ అరుగు దిగలేదు. ఆ కథలు చెడ్డవని అనను గానీ, ఒకరి అరుగుకీ ఇంకొకరి అరుగుకీ తేడా కనపడదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరొక్కరే చూసినవి, చూసి ఎవరికీ చెప్పకుండా ఫైలు మూసేసినవి, చూసినా సరిగ్గా అర్థం కానివి కొన్ని ఉంటాయి. అక్కడ మొదలుపెట్టండి. అర్థమైపోయిన సంగతి మీద వ్యాసం రాసుకోవచ్చు, దానికి కథ అక్కర్లేదు.

నా సంగతే చెప్తాను. ఒక పెద్దావిడ తన ఇల్లు చిన్నకొడుకు పేర దాన సెటిల్‌మెంటు రాయడానికి వచ్చింది. అప్పటికింకా మా ఆఫీసుకు కంప్యూటర్లు రాలేదు, సిరా పెట్టి వేలిముద్రలు తీసుకునే రోజులు. సబ్‌రిజిస్ట్రార్ గారు మామూలుగా అందరినీ అడిగినట్టే "ఇష్టపూర్వకంగా రాస్తున్నావా అమ్మా?" అని అడిగారు. ఆవిడ జవాబు చెప్పేముందు కొడుకు వైపు చూడలేదు. గుమ్మం బయట నిలబడ్డ పెద్దకోడలి వైపు చూసింది. తర్వాత "ఆఁ" అంది. వేలిముద్ర వేసి, ఆ సిరాను జుట్టుకు రాసుకుని వెళ్లిపోయింది. అంతే జరిగింది. పెద్దకోడలు ఎందుకు వచ్చింది? ఆ చూపు క్షమాపణా, కోపమా, లేక ఇద్దరూ కలిసి అనుకున్న ఏర్పాటా? అప్పుడు అడగడానికి లేదు, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. ఆ కోడలు ఎందుకు వచ్చిందో నేను కల్పించాల్సి వచ్చింది. దాంతో కథ కుదిరింది.

ఇక్కడొక మాట. మన వయసువాళ్లకు నీతి చెప్పే అలవాటు ఉంటుంది. ఇంట్లో వినేవాళ్లు తగ్గేకొద్దీ అది కథల్లోకి చేరుతుంది. నేను పంపిన కథకు వెబ్ పత్రిక సంపాదకులొకరు రెండే వాక్యాల జవాబు రాశారు. చివరి పేరా తీసేస్తే వేసుకుంటామనీ, కొడుకుల గురించి మీరు చెప్పక్కర్లేదు, ఆవిడ చూపు చెప్పిందనీ. తీసేశాను. అప్పటినుంచి నా పద్ధతి ఏమిటంటే, ఏ కథ పూర్తయినా చివరి పేరా మీద వేలు పెట్టి మిగతాది చదువుతాను. కథ నిలబడితే ఆ పేరా కొట్టేస్తాను. చాలాసార్లు నిలబడుతుంది.

భాష గురించి మీరు అడగలేదు గానీ, ఉద్యోగస్థులకు అదే పెద్ద గండం. మా కాగితాల్లో "సదరు ఆస్తి", "పైన తెలిపిన హద్దులు" అనే రాస్తాం. మీ బ్యాంకులో ఇంకా అన్యాయం, తెలుగే రాసి ఉండరు. అందుకని కథ రాసేముందు దాన్ని మీ ఇంట్లో ఎవరికైనా నోటితో చెప్పండి. చెప్తున్నప్పుడు వచ్చిన మాటలే కాగితం మీదికి రానివ్వండి. ఫోనులో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం ఉంది, నేనూ వాడతాను. ఊరి యాసను మాత్రం అది పుస్తకభాషలోకి మార్చేస్తుంటుంది. తర్వాత కూర్చుని దిద్దుకోవాలి.

చదవడానికి శ్రీకాకుళంలోని కథానిలయం వెబ్‌సైటు చూడండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల్లో వచ్చిన కథలు వేల సంఖ్యలో స్కాన్ చేసి పెట్టారు, ఉచితంగా చదువుకోవచ్చు. పేరున్నవాళ్లవే కాకుండా ఒకటీ అరా రాసి ఆపేసినవాళ్ల కథలు కూడా చదవండి. ఒక కథ ఎక్కడ జారిపోయిందో వాటిలో బాగా తెలుస్తుంది.

పంపడం సంగతి. అచ్చు పత్రికలు తగ్గిపోయాయి. విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. దినపత్రికల ఆదివారం అనుబంధాలు ఉన్నాయి గానీ వాటిలో జాగా తక్కువ, కథ చిన్నదిగా ఉండాలి. కాస్త నిడివి ఉన్న కథకు ఈమాట, సారంగ, సంచిక లాంటి వెబ్ పత్రికలు నయం. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనపడే తెలుగు అక్షరాల్లో, టైపు చేసి ఈమెయిల్ చేయండి. ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచేయాలి. ఒకే కథను రెండు చోట్లకు ఒకేసారి పంపకండి, సంపాదకులకు అది అసలు నచ్చదు. జవాబు రాకపోతే టెన్షన్ పడకండి. కొందరు వేసుకునేదుంటేనే రాస్తారు.

రిటైర్మెంటు డబ్బుతో పుస్తకం వేద్దామని ఎవరో ఒకరు మీ దగ్గరకు వస్తారు. ఇప్పుడే వద్దనండి. వేయించడం తేలిక, అమ్మడం కష్టం. ఆవిష్కరణ సభకు వచ్చినవాళ్లకు తలా ఒకటి పంచగా మిగిలిన కట్టలు మంచం కింద ఉంటాయి. పది, పన్నెండు కథలు పత్రికల్లో వచ్చాక ఆలోచించవచ్చు. అప్పుడు కూడా తక్కువ కాపీలు వేయించండి.

తెలిసిన మనుషుల గురించి రాసేటప్పుడు పేరు మారిస్తే చాలదు. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య కూడా మార్చండి. వీలునామా రాసినాయన బతికున్నంతకాలం దాని నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప మేం ఎవరికీ ఇచ్చేవాళ్లం కాదు. కథల్లో నేనూ దాదాపు ఆ పద్ధతే పాటిస్తాను. మీకు ఖాతాదారుల రహస్యాలు ఉంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి.

ఇక మీరు మొదలుపెట్టాల్సిన చోటు నాకైతే కనపడుతూనే ఉంది. పల్లెటూరి బ్రాంచీల్లో చాలాకాలం చేశానన్నారు కదా. బంగారం తాకట్టు కౌంటరు దగ్గర కూర్చుని ఉంటారు. మెడలో పుస్తెలతాడు తీసి ఇచ్చి, దాని చోట పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లిన ఆడవాళ్లను చూసే ఉంటారు. వాళ్లలో మీకు ఇప్పటికీ గుర్తున్నావిడ ఎవరు, ఎందుకు గుర్తుంది? అప్రైజరు గీటురాయి మీద గీస్తున్నంతసేపూ ఆవిడ ఎక్కడ చూస్తూ నిలబడింది? రెండు మూడు పేజీలు చాలు. రాశాక ఇక్కడే పెట్టండి, చదివి నాకు తోచింది చెప్తాను. మొహమాటానికి బాగుందని మాత్రం అనను.