మిషన్లు విప్పే అబ్బాయికి మెకానికల్ నప్పుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. మిక్సీ, ఫ్యాన్, సైకిల్ ఏదీ వదలడు, అన్నీ విప్పుతాడు. ఫిజిక్స్‌లో మాత్రం అత్తెసరు మార్కులు. మెకానికల్ డిప్లొమా చేస్తానంటాడు, చుట్టాలేమో కంప్యూటర్సే అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: స్క్రూలు విప్పే పిల్లలు చాలామందే ఉంటారండీ. (మిక్సీ జోలికి వెళ్ళేముందు ప్లగ్ తీయమనండి.) ఇటు ఏం ఇస్తే అటు ఏం వస్తుందో విప్పకముందే చెప్పగలడా అన్నది చూడాలి.

సైకిల్ తిరగేసి పళ్ళు లెక్కపెట్టమనండి. పెడల్ దగ్గర 44, వెనక ఫ్రీవీల్‌కు 22 ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. ఇది ఎవరైనా చెబుతారు. అయితే ఆ రెట్టింపు వేగం ఊరికే రాలేదు, చక్రాన్ని తిప్పే బలం సగమైంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేర్ల సైకిల్ వాళ్ళు వెనక ఎక్కువ పళ్ళున్న చక్రానికి మారేది అందుకే. ఈ రెండో మాట మీవాడు తనంతట తానే చెబితే మార్కుల గురించి టెన్షన్ పడకండి.

ఇంట్లో తొక్కే కుట్టుమిషన్ ఉంటే ఇంకా మంచిది. తొక్కుడు ఊగితే కింది పెద్ద చక్రం తిరుగుతుంది, బెల్టు లాగితే పైన చిన్న చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది, అదే సూది దగ్గర మళ్ళీ పైకీ కిందికీ కదలికవుతుంది. ‘పై చక్రం ఇంకా చిన్నదైతే కుట్టు పొడుగవుతుందా?’ అని అడగండి. అవదు. బట్టను జరిపే పళ్ళూ సూదిని కదిపే షాఫ్టు (ఇరుసు)తోనే కదులుతాయి కాబట్టి సూదీ బట్టా కలిసే వేగం పుంజుకుంటాయి, తొక్కుడు మాత్రం బరువెక్కుతుంది. వెంటనే జవాబు రాకపోయినా ఫర్వాలేదు. మిషన్ దగ్గర కూర్చుని చేత్తో మెల్లగా తిప్పి చూశాడంటే నేనైతే మెకానికల్‌కే ఓటేస్తాను. చుట్టాలకు సర్దిచెప్పండి, కోడింగ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా, ఆపైన డిప్లొమా వాళ్ళకుండే ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాది. చేతిపని మీద మక్కువైతే మీకు దగ్గర్లోనే, బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. పదో తరగతి అయినవాళ్ళకు టూల్, డై, మౌల్డ్ (పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమా కోసం విడిగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. నోటిఫికేషన్ కోసం ఒక కన్నేసి ఉంచండి. ఈలోగా లెక్కలు గట్టిపరచుకోమనండి. ఇంజినీరింగ్ డిప్లొమాకు పాలిసెట్‌లో చూసే 120 మార్కుల్లో 60 లెక్కలవే.